ఊడిపోయే పళ్ళే కదా!

సంస్కృత నిఘంటువుల్లో పన్నుకు 'ద్విజ'మని ఒక పేరు వున్నది. రెండు సార్లు పుట్టేది అని అర్థం. గుడ్డుగా ఒకసారి, గుడ్డు పగిలి మరొకసారి పుట్టే పక్షికీ అదే పేరు. వుపనయనంతో మళ్ళీ పుట్టాడనిపించుకునే వటువుకూ అదే పేరు. క్లాసులో నానార్థాలు చెప్పేటప్పుడు పక్షి, బ్రాహ్మణుడు అంటే విద్యార్థులు తలలు వూపుతారు. పన్ను అనగానే నవ్వుతారు. కాని మూడింటిలోకీ బోలెడు సంగతి వున్నది ఆ మూడో అర్థంలోనే. పక్షి గుడ్డును పాడుచేసి పిల్ల బాగుండాలని ఎవరూ అనుకోరు. పన్ను విషయంలో మాత్రం మనం సరిగ్గా అదే అనుకొంటున్నాము.

పిల్లవాడి నోట్లో నల్లటి మచ్చ కనిపించిందంటే మన యిళ్ళల్లో వినిపించే మొదటి మాట ఒక్కటే. భోగాపురంలో మా వీధి చివర ఒక మామ్మగారు ఆ మాటను వేదవాక్యంలా అంటారు: "ఏటవుతాది బాబూ! పాలపళ్ళే గదా, ఆటంతటవే ఊడిపోతాయి." ఆవిడ అక్షరాలు రాని మనిషి కనుక అలా అన్నదనుకొంటే పొరపాటే. డిగ్రీలున్న తల్లిదండ్రులూ యిదే మాటను కొంచెం నాజూకుగా అంటారు, అంతే తేడా.

ఊడిపోతాయి, నిజమే. కాని ఎప్పుడు? లెక్క వేసి చూడండి. మొదటి పాలపన్ను ఆరో నెల ప్రాంతంలో మొలుస్తుంది. రెండున్నర, మూడేళ్ళు వచ్చేసరికి యిరవై పళ్ళూ వస్తాయి. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడుతాయి. వెనకనున్న నమిలే పళ్ళు మాత్రం పది, పదకొండు, ఒక్కొక్కప్పుడు పన్నెండేళ్ళ దాకా కదలవు. అంటే ఒక బిడ్డ ఒంట్లో యెముక పెరిగే వయస్సంతా, అన్నం నమలవలసిన రోజులన్నీ, యీ 'పోయే' పళ్ళ మీదనే గడుస్తాయి. పదేళ్ళు వుండబోయే అద్దె యింటి కప్పు కారుతూ వుంటే "మనది కాదు కదా" అని తడుస్తూ కూర్చునేవాడు ఎవడైనా వున్నాడా?

పళ్ళు మొలిచేటప్పుడు మన పెద్దవాళ్ళకు శ్రద్ధ లేకపోలేదు. అన్నప్రాశనా మొదటి పన్నూ యించుమించు ఒకేసారి వస్తాయి. పైపన్ను ముందు మొలిస్తే మేనమామకు గండమని శాంతులు చేయిస్తారు. పాపం, మేనమామకు యే గండమూ లేదు; కొందరు పిల్లలకు పైపన్నే ముందు వస్తుంది. దీనికంటె ప్రమాదమైన నమ్మకం మరొకటి వున్నది. బిడ్డకు విరేచనాలు అవుతున్నా, వొళ్ళు కాలిపోతున్నా "పళ్ళు వస్తున్నాయిలే" అని వూరుకోవడం. పన్ను మొలిచేటప్పుడు చిగురు దురద పెడుతుంది, చొంగ కారుతుంది, బిడ్డ చిరాకు పడుతుంది. అంతేగాని గట్టి జ్వరమూ, నీళ్ళ విరేచనాలూ పన్ను వల్ల రావు. వాటికి కారణం వేరే వుంటుంది. డాక్టరుకు చూపించి తీరవలసిందే. ఇక పన్ను ఊడినప్పుడు దాన్ని ఆవుపేడలో పెట్టి యింటి కప్పు మీదికి విసరడం మన ఆచారం. జపాను దేశంలో కూడా కింది పన్నును కప్పు మీదికి, పైపన్నును నేలకేసీ విసురుతారట. మొలిచేనాడు శాంతి, ఊడేనాడు వేడుక. మధ్యనున్న పదేళ్ళలోనే దాని ముఖం చూసేవారుండరు.

ఆ పదేళ్ళలో యేమి జరుగుతుందో ఒక సంక్రాంతికి మా యెదురింట్లో చూశాను. అయిదేళ్ళ పిల్ల. భోగినాటి సాయంత్రం పేరంటాలందరూ కూడి భోగిపళ్ళు పోస్తూంటే, పీటమీద కూర్చున్న పిల్ల వున్నట్టుండి చెంప పట్టుకొని ఏడుపు మొదలుపెట్టింది. తెలుగులో రేగుపళ్ళూ పళ్ళే, నోట్లోవీ పళ్ళే. ఏ పళ్ళ మూలాన ఏడుస్తున్నదో ఎవరికీ కాసేపు బోధపడలేదు. లవంగనూనె అద్దారు, ఉప్పునీళ్ళు పుక్కిలింపజేశారు. కాసేపు నొప్పి తగ్గింది. తెల్లవారేసరికి బుగ్గ బూరెలా పొంగింది, ఒంట్లో జ్వరం. పండుగనాడు యింట్లో అరిసెలు, పరమాన్నం వుండగా ఆ పిల్ల గంజినీళ్ళు కూడా మింగలేకపోయింది. ఆ పన్ను మీద మచ్చ వున్న సంగతి తల్లికి యేడాదిగా తెలుసు. "ఊడిపోయేదానికి డబ్బులెందుకని ఆయనన్నారండీ" అన్నది, కళ్ళు తుడుచుకొంటూ. తండ్రి తల వంచుకొని ఆటో పిలవడానికి వెళ్ళాడు.

వాళ్ళకు తోడుగా నేనూ వెళ్ళాను. జాతీయ రహదారి పక్కన వున్నందువల్ల భోగాపురం వాళ్ళకు యీ విషయంలో ఒక సదుపాయం వున్నది. విశాఖపట్నం వైపు అరగంట వెళితే సంగివలసలో అనిల్ నీరుకొండ దంతవైద్య కళాశాల వుంది. యింకా ముందుకు పోతే రుషికొండ దగ్గర గీతం దంతవైద్య కళాశాల వుంది. పిల్లల పళ్ళకు ప్రత్యేకంగా చదువుకున్న డాక్టర్లు వుంటారని చాలామందికి తెలియదు. పెద్దవాళ్ళ పంటికీ పిల్లల పంటికీ వైద్యం ఒకటి కాదు, పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టే విద్య అసలే వేరు.

అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ ఆ పిల్ల దవడకు యెక్స్‌రే తీసి, దీపం ముందు పట్టి మాకు చూపించింది. నేను చూసిన బొమ్మల్లో మరచిపోలేనిది అది. పైన పాలపళ్ళు వరసగా నిలబడి వున్నాయి. వాటి కింద, యెముక లోపల, యింకా బయటి వెలుగు చూడని పళ్ళు, కాడ లేని మొగ్గల్లాగ పడుకొని వున్నాయి. నమిలే పాలపన్ను వేళ్ళు రెండూ చాచి, కింద మొగ్గను కోడి రెక్కల కింద పిల్లను పొదువుకున్నట్టు పొదువుకొని వున్నది. పుచ్చిన పన్ను వేళ్ళ మధ్య మాత్రం నల్లటి మరక. "అది చీము. దాని కిందనున్నదే రేపు రాబోయే పన్ను" అన్నది డాక్టరమ్మ.

ఊడిపోయే పన్నుకు వైద్యం ఎందుకో ఆ బొమ్మ చూస్తే వేరే చెప్పనక్కరలేదు. పాలపన్ను మీది గట్టి పింగాణీ పొర శాశ్వతదంతం మీది పొరలో యించుమించు సగం మందమే వుంటుంది. లోపల నరమూ నెత్తురూ వుండే గది పెద్దది. అందుచేత పైన చిన్న మచ్చగా కనిపించిన పుచ్చు కొద్ది నెలల్లోనే నరాన్ని తాకుతుంది. అక్కడినుంచి వేళ్ళ చివరలకు, యెముకలోకి దిగుతుంది. అక్కడ చీము చాలాకాలం నిలిస్తే, కింద తయారవుతున్న శాశ్వతదంతం పైపొర సరిగా గట్టిపడదు. పచ్చటి మరకతోనో, గుంటలతోనో అది పైకి వస్తుంది. ద్విజానికి మొదటి జన్మలో తగిలిన గాయం రెండో జన్మలో కనబడటమంటే యిదే.

మరొకటి స్థలం సంగతి. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి దిగినవాడికి తిరిగి వచ్చేసరికి సీటు వుంటుంది. పాలపన్ను ఆ తువ్వాలు. వెనక పాలపన్నును అయిదో యేట పీకించేస్తే, ఆ చోటికి రావలసిన పన్ను పది పన్నెండేళ్ళకుగాని రాదు. ఈలోగా వెనకనుంచి వచ్చే పెద్ద పన్ను ముందుకు జరిగి ఆ జాగా ఆక్రమించుకొంటుంది. అసలు హక్కుదారు వచ్చేసరికి చోటుండదు. వంకరగా పక్కనుంచి పొడుచుకు వస్తుంది, లేదా యెముకలోనే వుండిపోతుంది. పద్నాలుగో యేట పళ్ళకు తీగలు కట్టించే ఖర్చులో కొంత అయిదో యేట మిగుల్చుకున్న ఖర్చే.

మా యెదురింటి పిల్లకు ఒక పన్ను తీసివేయక తప్పలేదు. తీసి, ఆ ఖాళీ మూసుకుపోకుండా చిన్న తీగ అమర్చారు. దాని పక్కదానికి లోపలి చెడిన నరం తీసి, శుభ్రం చేసి, మందు నింపి, పైన స్టీలు తొడుగు వేశారు. పిల్ల ఆ వెండిపన్నును వీధిలో పిల్లలందరికీ చూపించుకొని గర్వపడింది. తండ్రి మాత్రం దారిలో, యీ డబ్బుతో చెవులకు దుద్దులు వచ్చేవన్నాడు. దుద్దులు రెండేళ్ళు ఆగి కొనవచ్చునని నేనన్నాను. ఆయన నవ్వలేదుగాని కాదని కూడా అనలేదు.

మాట సంగతి కూడా చెప్పాలి, అది నా వృత్తికి దగ్గరది కనుక. త వర్గాన్ని మనవాళ్ళు దంత్యాలన్నారు. 'చలి', 'జడ' మాటల్లో పలికే దంత్య చకార జకారాలు తెలుగుకు ప్రత్యేకమైన సొగసు. సకారానికీ ముందుపళ్ళ ఆసరా కావాలి. ఆరేడేళ్ళకు ముందుపళ్ళు ఊడి కొన్నాళ్ళు తొస్సి మాటలు రావడం సహజమే, ముచ్చటే. మూడో యేటనే పుచ్చి విరిగిపోతే, మాటలు నేర్చుకొనే వేళలోనే నాలుక ఆనవలసిన చోటు ఖాళీ అవుతుంది. (మా శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు 'చెప్పు'ను 'సెప్పు' అంటే అది పళ్ళ దోషం కాదు, వూరి యాస; దానికి డాక్టరు అక్కరలేదు.)

ఇక అన్నిటికంటె ముఖ్యమని నేననుకొనే సంగతి. దయచేసి తల్లులు యిక్కడ కొంచెం ఆగి చదవాలి. ఆరో యేట, యే పన్నూ ఊడకుండానే, ఆఖరి పాలపన్ను వెనకాల ఒక కొత్త పన్ను మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఇవి పాలపళ్ళు కావు, శాశ్వతదంతాలు. వీటి తరువాత మళ్ళీ వచ్చేవి లేవు. ఏ పన్నూ ఊడలేదు కనుక వచ్చిన సంగతే ఎవరికీ తెలియదు. చూసినా పాలపన్నే అనుకొంటారు. దీని మీద లోతైన గాళ్ళు వుంటాయి, బ్రష్షు అందని మూలన వుంటుంది. అందుచేత ముందుగా పుచ్చేది కూడా యిదే.

మా బంధువుల్లో ఒక అబ్బాయికి పదకొండో యేట యీ పన్నే పుచ్చింది. ఒక పట్టణంలో బోర్డు కట్టుకొని కూర్చున్న ఒకాయన దగ్గరకు తీసుకువెళ్ళారు. "పాలపన్నేనా?" అని తండ్రి అడిగాడు కూడా. "ఈ వయస్సులో అన్నీ పాలపళ్ళే" అని ఆయన పట్టుకారు తీశాడు. ఇప్పుడా అబ్బాయి కాలేజీకి వచ్చాడు. ఆ చోట ఖాళీ అలాగే వుంది. వెనక పన్ను ఖాళీలోకి ఒరిగింది, పైపన్ను ఆనే చోటు లేక కిందికి దిగింది. వాడు కుడివైపునే నములుతాడు. పెళ్ళిభోజనంలో పక్కన కూర్చుంటే కనిపెట్టవచ్చు.

గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. పిల్లవాణ్ణి నోరు తెరవమని, ముందుపళ్ళ మధ్యనుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. అయిదో పన్ను దాకా పాలపళ్ళు, లేదా వాటి స్థానంలో వచ్చినవి. ఆరోది శాశ్వతదంతం. ఆరో యేట ఆరో పన్ను అని గుర్తుంచుకుంటే చాలు. అది వచ్చిన కొత్తలో డాక్టరు దాని గాళ్ళను ఒక సన్నటి పూతతో మూసివేస్తారు. సూది లేదు, నొప్పి లేదు.

ఇంతకీ పుచ్చు ఎందుకు పడుతుంది? పంట్లో పురుగు వున్నదని పూర్వం అన్ని దేశాలవారూ నమ్మారు. మన పల్లెల్లో నేలవాకుడు గింజల పొగ పట్టించి, పురుగులు రాలాయని చూపించేవారు. పారిస్‌లో పియేర్ ఫోషార్ అనే దంతవైద్యుడు 1728లో అచ్చువేసిన గ్రంథంలోనే యీ పురుగు కథను కాదన్నాడు. అసలు సంగతి 1890లో బెర్లిన్‌లో పనిచేసే విలోబీ మిల్లర్ అనే అమెరికన్ వివరించాడు: నోట్లో వుండే కంటికి కనబడని సూక్ష్మజీవులు తీపినీ పిండినీ తిని ఆమ్లాన్ని విడుస్తాయి, ఆ ఆమ్లం పంటి పొరను కరిగిస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ సుమారు అరగంట సేపు యిది సాగుతుంది. తరువాత వుమ్మినీరు మెల్లగా ఆ నష్టాన్ని పూడుస్తుంది. పూడ్చడానికి దానికి వ్యవధి కావాలి.

అందుచేత ఎంత తీపి తిన్నారన్నది ఒక్కటే కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నదే పెద్ద లెక్క. స్వీడన్‌లో లుండ్ పట్టణం దగ్గర విపెహోల్మ్ ఆస్పత్రిలో 1945 మొదలు కొన్నేళ్ళు దీన్ని పరీక్షించారు. భోజనంతో పాటు తీసుకున్న తీపి అంతగా చేటు చేయలేదు. మధ్యమధ్య నమిలే, పళ్ళకు అంటుకొనే మిఠాయే పళ్ళను నాశనం చేసింది. ఆ పరీక్షకు గురి అయినవారు బుద్ధిమాంద్యం గల రోగులు, వారి అనుమతి ఎవరూ అడగలేదు. ఆ జ్ఞానం మనకు అంత అన్యాయపు ధరకు వచ్చింది. కనీసం వృథా చేయకూడదు. అక్కడి యిళ్ళల్లో పిల్లలకు మిఠాయి శనివారం ఒక్కనాడే పెట్టే ఆచారం తరువాత వచ్చింది.

మన యిళ్ళకు దీని తాత్పర్యం పండుగనాడు బూరెలు మానమని కాదు. విస్తట్లో పప్పన్నంతో తిన్న నాలుగు బూరెల కంటె, పొద్దుట బిస్కట్టు, పదింటికి చాక్లెట్టు, బడినుంచి రాగానే డబ్బా పండ్లరసం, సాయంత్రం పాలల్లో కలిపే తీపి పొడి చేసే హాని ఎక్కువ. సిరిమాను వుత్సవానికి విజయనగరం వెళ్ళి కొనుక్కొచ్చిన జీళ్ళపొట్లం ఒక పూటలో అయిపోతే నాకు భయం లేదు. చొక్కాజేబులో వారంరోజులు వుండి, గంటకొకటి చొప్పున బుగ్గలో చేరితేనే భయం. పడుకొనేముందు పోసే తియ్యటి దగ్గుమందు కూడా యీ జాబితాలోదే.

చంటిపిల్లలకు పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మరీ చేటు. నిద్రలో వుమ్మినీరు బాగా తగ్గిపోతుంది; పైముందుపళ్ళ చుట్టూ పాలు రాత్రంతా నిలుస్తాయి. రెండేళ్ళ పిల్లల పైపళ్ళు నాలుగూ నల్లటి మొండాలుగా కనిపిస్తే తొంభైపాళ్ళు సీసాయే కారణం. తాగించి, తుడిచి, తరువాత నిద్రపుచ్చాలి. తేనెలో ముంచిన పీకలైతే అసలే వద్దు.

ఇది మా వీధి గొడవ మాత్రమే కాదు. పాలపళ్ళు పుచ్చిన పిల్లలు లోకంలో 51 కోట్లకు పైగా వున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. మన దేశంలో 2002-03లో జరిపిన దంతారోగ్య సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో సగంమందికి పుచ్చుపళ్ళు కనిపించాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ పాఠశాలలకూ వచ్చే వైద్యబృందాలు చూడవలసిన వాటిలో పళ్ళూ వున్నాయి. వాళ్ళు చీటీ రాసి యిస్తే దాన్ని పుస్తకాల సంచిలోనే వుంచెయ్యకండి.

పేస్టు గురించి రెండు మాటలు. పిడకల కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు పిల్లల పళ్ళకు పనికిరావు. పలచటి పొర అరిగిపోతుంది. వేపపుల్ల మీద నాకు గౌరవమే, కాని అయిదేళ్ళవాడి వెనకపళ్ళకు అది అందదు. ఫ్లోరైడు వున్న పేస్టు కావాలి. పిల్లల బొమ్మలున్న పేస్టులన్నిటిలోనూ ఫ్లోరైడు వుండదు, పెట్టె మీద చదివి కొనాలి. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆ పైన ఆరేళ్ళదాకా బఠాణీగింజంత. అంతకు మించితే మింగేస్తారు. ఫ్లోరైడు మితంగా వుంటేనే మేలు అన్న సంగతి తెలుగుదేశానికి చెప్పనక్కరలేదు. నీళ్ళలో అది మితిమీరి మనుషుల యెముకలు బిగుసుకుపోవడం మన దేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లోనే బయటపడింది. నల్గొండ బాధ అందరికీ తెలిసినదే. అటువంటి నీళ్ళున్న వూళ్ళలో పేస్టు సంగతి డాక్టరును అడిగే తేల్చుకోవాలి.

ఆరేడేళ్ళ పిల్లవాడు "నేనే తోముకొంటా" నంటాడు. తోముకోనివ్వండి, తరువాత మీరు మరొకసారి తోమండి. సొంతంగా గుండ్రంగా అక్షరాలు రాసేటంత చేతివాటం వచ్చేదాకా, అంటే ఏడెనిమిదేళ్ళదాకా, వాడి చేయి వెనకపళ్ళకు తిరగదు. పొద్దుటికంటె రాత్రి తోమడమే ముఖ్యం. తోమిన తరువాత మంచినీళ్ళు తప్ప మరేమీ పెట్టకూడదు. చిన్నపిల్లలనైతే వొళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకొని, తల మీ పొట్టకేసి ఆనించుకొంటే నోరంతా కనబడుతుంది.

అలా పడుకోబెట్టినప్పుడు, నెలకొకసారైనా, వేలితో పైపెదవి ఎత్తి దీపం వెలుగులో చూడండి. చిగురు అంచున పన్ను మీద సున్నం రాసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అదే పుచ్చుకు మొదటి మెట్టు. నలుపు యింకా రాలేదు, గుంట యింకా పడలేదు. ఆ తెలుపుమీదనే డాక్టరు దగ్గరకు తీసుకువెళితే సిమెంటూ అక్కరలేదు, సూదీ అక్కరలేదు. పళ్ళ మీద ఫ్లోరైడు పూత పూసి, తీపి వేళలు మార్చమని చెప్పి పంపిస్తారు.